ఆరిన్ ట్వేట్ అప్‌డేట్ కొట్టిన శనివారం

అమెరికాలో పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న డులూత్‌లో ఆరిన్ ట్వేట్ అంత తెలివైనవాడు లేడు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, ఆరిన్ ట్వేటే అనుకునేవాడు. పోస్టాఫీసులో ఉత్తరాలు విడగొట్టి విడగొట్టి రిటైరయ్యాక అతగాడికి మిగిలిన పని ఒక్కటే, ఎదుటివాళ్ళ కంప్యూటర్లు చూసి ముక్కు మూసుకోవడం. విండోస్ వాడేవాళ్ళంటే అతని దృష్టిలో అద్దె మంచం మీద పడుకుని అద్దె కలలు కనే జనం. తనది మాత్రం లినక్స్, ఎవడైనా కోడ్ తెరిచి చూసుకుని మార్చుకోగలిగే ఉచిత సిస్టమ్. దంతవైద్యుడు పన్ను పీకుతుంటే, నోట్లో ఆ పటకారు ఉండగానే, ఆయనకి లినక్స్ గొప్పతనం చెప్పిన మనిషి. పన్ను తనంతట తనే ఊడివచ్చిందంటారు, పారిపోదామని.

భార్య వెర్నా బళ్ళో బొమ్మలు గీయడం నేర్పిన టీచరు. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేరు ఒకటి, గేమ్ ఇంజన్ అంటారే, అది కొనుక్కుని కర్లింగ్ క్లబ్బు కోసం ఒక కర్లింగ్ ఆట తయారుచేస్తోంది. కర్లింగంటే మంచు మీద బరువైన రాళ్ళు జార్చి, వాటి ముందు చీపుళ్ళతో ఊడ్చే ఆట. క్లబ్బులో మంచు గచ్చు చూసుకునే వాల్ట్ ఆ శరదృతువులోనే పోయాడు. వీపుకి నీళ్ళ డబ్బా కట్టుకుని, రాళ్ళు బాగా జారాలని మంచు మీద చుక్కలు చిలకరిస్తూ వెనక్కి వెనక్కి నడిచేవాడు. చివరి రాయి ఆగగానే తెర మీద వాల్ట్ అలా నడుస్తూ రావాలి, శనివారం విందులో ఆయన భార్య ఇర్మా అది చూడాలి. వెర్నా కోరికల్లా అంతే. తీరా వాల్ట్ బొమ్మ ఒక్కటే మిగిలిందనగా ఆమె లాప్‌టాప్ మీద కాఫీ ఒలికి అది చచ్చూరుకుంది. గీసినవన్నీ పెన్‌డ్రైవులో ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

"నా మిషన్ ఉండగా నీకు భయమేంటి?" అన్నాడు ఆరిన్.

"ఆ కంపెనీవాళ్ళు లినక్స్‌కి కూడా తయారుచేసి పెట్టారట. అది దింపి నొక్కితే చాలట."

"వాళ్ళు వండిపెట్టింది తినడానికి నేనేమైనా ఆస్పత్రిలో ఉన్నానా? కోడ్ తెచ్చి నేనే వండుకుంటా."

వండాడు. ఆ లాప్‌టాప్ ఫ్యాను మోతకి సరస్సు మీద ఇనుప ఖనిజం ఓడలు హారన్ కొట్టి పక్కకి తప్పుకున్నాయి. పిల్లి ఇల్లు వదిలి పక్కింట్లో కాపురం పెట్టింది. ఇంజన్ మాత్రం లేవలేదు. లేవనప్పుడల్లా అతగాడు తప్పెక్కడుందో వెతకడు. ఉన్న లినక్స్ మొత్తం తుడిచేసి ఇంకో రకం లినక్స్ ఎక్కిస్తాడు. ఒకదాన్ని మించినది ఒకటి అంటాడు, మధ్యాహ్నానికి దాన్నీ తుడిచేస్తాడు.

"తలనొప్పికి మాత్ర వేసుకోవాలి గానీ తలే మార్చుకుంటావేంటి ఆరిన్?" అంది వెర్నా.

"నీకు అర్థం కాదులే."

శుక్రవారం వాకిట్లో మంచు తీయడానికి పార పట్టుకుని బయటికెళ్ళాడు. వెర్నా కూర్చుని, కంపెనీవాళ్ళు తయారుచేసి పెట్టినదే దింపింది, నొక్కింది. ఇంజన్ లేచింది. పెన్‌డ్రైవు పెట్టింది, ఆటా తెరుచుకుంది. ఆరిన్ బూట్లు దులుపుకుంటూ లోపలికొచ్చి తెర చూసి, "చూశావా, నేను వేసిన పునాది!" అన్నాడు.

వెర్నా చీకటి పడేలోపు వాల్ట్ బొమ్మ పూర్తిచేసింది. అచ్చం ఆయనే, ఎడమ భుజం కాస్త కిందికి జారి, టోపీ వెనక్కి తిరిగి. "ఆరిన్, రేపటిదాకా దీన్ని ముట్టుకోకు. ఊపిరి కూడా తగలనివ్వకు," అంది.

శనివారం క్లబ్బు నిండిపోయింది. వెర్నా గుమ్మం దగ్గర ఇర్మా కోటు విప్పడానికి సాయం చేస్తోంది. ఆరిన్ లాప్‌టాప్‌ని పెద్ద తెరకి తగిలించి దర్జాగా కూర్చున్నాడు. తెర మూలన చిన్న గుర్తు కనపడింది. కొత్త అప్‌డేట్లు వచ్చాయట. మామూలు మనిషైతే రేపు చూద్దాంలే అనుకుంటాడు. కానీ ఈ లినక్స్ జాతికి అది ఒంటి మీద దురదలాంటిది, గోకకపోతే ప్రాణం నిలవదు. గోకాడు. మిషన్ ఆగి మళ్ళీ లేచింది. లేచి, నల్లగా చూసింది. గది మొత్తానికి పెద్ద నల్ల తెర.

క్లబ్బు బార్ చూసుకునే గస్ మొదలెట్టాడు. "ఏం ఆరిన్, ఇది రాత్రిపూట కర్లింగా?"

"తెరని నడిపే డ్రైవర్ కోడ్ దాచిపెట్టుకునే కంపెనీలది ఈ తప్పు! నా సిస్టమ్ భేషుగ్గా ఉంది!"

"భేషుగ్గా ఉందిలే, మాకు కనపడట్లేదంతే."

వెర్నా గుమ్మం దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. సంచిలోంచి పెన్‌డ్రైవు తీసింది. అందులో కిందటి నెల తయారుచేసిన ఆట ఉంది, వాల్ట్ లేనిది; నిన్నటి వాల్ట్ ఆరిన్ మిషన్‌లోనే ఉండిపోయాడు. గస్ బీరు లెక్కలు చూసుకునే విండోస్ డబ్బా, కీల సందుల్లో చిప్స్ పొడి, దాంట్లో పెట్టగానే ఆట తెరుచుకుంది. జనం చప్పట్లు కొట్టారు, చీపుళ్ళు నేలకేసి కొట్టారు. ఆరిన్ మాత్రం బల్లబల్లకీ తిరిగి, "అది నిజంగా నడవడం కాదు, నడుస్తున్నట్టు కనిపించడం" అని బోధించాడు. విందులో వడ్డించిన హాట్‌డిష్ నములుతున్నవాళ్ళు నమలడం ఆపలేదు.

చివరి రాయి ఆగింది. మంచు ఖాళీగా ఉండిపోయింది.

"వాల్ట్ ఉంటాడన్నావు కదమ్మా?" అంది ఇర్మా.

"నిన్న ఉన్నాడు ఇర్మా..." అంది వెర్నా. ఇర్మా ఆమె చెయ్యి తట్టి, కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది.

కార్లో వెర్నా స్టీరింగు పట్టుకుంటే ఆరిన్ పక్కన కూర్చుని ఒళ్ళో మిషన్ పెట్టుకున్నాడు. మిషన్ మొదలయ్యేటప్పుడు అప్‌డేట్‌కి ముందున్న పాతదాన్ని ఎంచుకునే వీలు ఒకటి ఉంటుంది. అది అప్పుడు గుర్తొచ్చింది మహానుభావుడికి. నొక్కాడు.

"నడుస్తోంది! వెర్నా, చూడు చూడు! నేను చెప్పలా?"

తెర మీద వాల్ట్ నీళ్ళు చిలకరిస్తూ వెనక్కి వెనక్కి వస్తున్నాడు. పార్కింగ్‌లో వీళ్ళ కారు తప్ప ఇంకోటి లేదు.

వెర్నా వాల్ట్ తెర చివరికి చేరేదాకా చూసింది. తర్వాత ఆ మిషన్ అతని ఒళ్ళోంచి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"దిగి ఇటు రా. బండి నువ్వు నడుపు. ఇర్మా ఇంటికి."

"ఇప్పుడా? ముందు ఇంకొక్కటి సరిచేసి..."

"ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా. అక్కడికెళ్ళాక నువ్వు కార్లోనే ఉండు."

దారి పొడుగునా అతగాడు ఆ పాతదాన్ని తనెంత చాకచక్యంగా ఎంచుకున్నాడో చెబుతూనే ఉన్నాడు. వెర్నా మాత్రం రెండు చేతులూ కీల మీద కప్పి పట్టుకుని కూర్చుంది.