కత్తెర లాక్కునే మేడమ్

ఒంగోలులో నేను పనిచేసిన బ్యూటీపార్లర్ మేడమ్‌కి ఒక పాడు అలవాటుండేది. కస్టమర్ జుట్టు సగం కత్తిరించగానే మా చేతిలో కత్తెర లాక్కుని, "జరుగు, నీకు రాదు" అనేది.

ఒకరోజు మా అందరికీ పని నేర్పిన సీనియర్ అక్క చేతిలోంచీ అలాగే లాక్కుంది. మేడమ్ చేతిలో జుట్టు మరీ పొట్టిగా తెగింది. కుర్చీలో ఉన్న టీచరుగారు అద్దంలో చూసుకుని మొహం ముడుచుకున్నారు.

"మా పిల్ల ముందే పాడుచేసిందండి. నేను సర్దాను" అంది మేడమ్, తడుముకోకుండా.

అక్క ఏప్రన్ విప్పింది. "ఇక అన్నీ మీరే చేసుకోండి మేడమ్" అని వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి ఎవరొచ్చినా మేం కత్తెర ముట్టకుండా మేడమ్ వైపే చూసేవాళ్లం. "ఒక్కదానికీ సొంత బుర్ర లేదండి" అని ఆవిడ కస్టమర్లతో వాపోయేది.

మొన్న పార్లర్ మూసేసిందని విన్నాను. జాలి కూడా కలగలేదు.