నీటికుక్కల నోటు

ట్రాక్టర్ మీది నుంచి పసుపు బస్తా నడుము మీద పడ్డాక, ఏడాదిన్నర పాటు నేను ఆర్మూర్‌లో హైవే పక్కనున్న మా మేడమీది గది దాటలేదు. లారీల చప్పుడు వింటూ పైకప్పును చూస్తూ పడుకోవడమే నా పని.

అప్పుడే గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చిన మా బామ్మర్ది ఒక పాత నోటు ఇచ్చాడు. బంగ్లాదేశ్ కొత్తగా పుట్టినప్పుడు, అక్కడ సొంత అచ్చు మొదలయ్యేదాకా నడవడానికి మన దేశంలో ముద్రించిన ఒక టాకా నోటు. గల్ఫ్‌లో అతని రూములో ఉండే బంగ్లాదేశ్ ముసలాయనదట. కొన్నాళ్లే చెల్లిన ఆ కాగితాన్ని రోజంతా చూశాను. ఇక పిచ్చి పట్టుకుంది. కొత్తగా విడిపోయిన దేశాలు కొంతకాలం వాడుకుని వదిలేసిన నోట్లను ఫోన్‌లో వెతికి తెప్పించుకునేవాణ్ణి.

"చెల్లని నోట్లకు చెల్లే పైసలు వోస్తున్నవ్" అనేది నా భార్య, పసుపు మార్కెట్‌కు కూలికి పోతూ. ఆ పైసలు ఆమె కష్టమే. అయినా మానలేకపోయాను.

ఒక పొద్దున పోస్ట్‌మన్ కింది నుంచి కేకేశాడు. "తమ్మీ, రిజిస్టర్ పోస్టు! సంతకం గావాలె. నా మోకాళ్లు నొస్తున్నయ్, ఎవల్నన్న పంపు."

ఇంట్లో నేనొక్కణ్ణే. "జర ఆగన్నా, నేనే వస్తున్న" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

కూర్చుని ఒక్కో మెట్టూ జారాను. నాలుగో మెట్టు మీద నడుము పట్టేసింది. దిగలేను, ఎక్కలేను. రెండు గోడల మధ్య ఊపిరాడలేదు. పోస్ట్‌మన్ మూలుగుతూ ఎక్కి వచ్చి నన్ను లేపబోయాడు, కాలేదు. "గిట్లయితే ఇద్దరం పడ్తం. మీ ఇంటామెకు ఫోన్ చేస్త" అన్నాడు.

ఆమె పసుపు చేతులతోనే పరుగెత్తి వచ్చింది. "ఎవల్ని అడిగి దిగినవ్? మల్ల పడితే నేనేం గావాలె?" అంటూ కింది మెట్టు మీద కూలబడి ఏడ్చింది.

పోస్ట్‌మన్ సంతకం తీసుకుని కవరు నాకందించాడు. "గందుల ఏమున్నది, తమ్మీ?" అన్నాడు. కవరు చింపాను. సోవియట్ నుంచి విడిపోయిన లిథువేనియా, అసలు నోట్లకు ముందు కొన్నాళ్లు వాడిన నూరు తలోనాల నోటు.

ఆమె కళ్లు తుడుచుకుని తొంగి చూసింది. ఆమె పుట్టింటివాళ్లది మెండోర, చేపలు పట్టే ఇల్లు. "గివి నీటికుక్కలు గదా! మా నాయిన వలలన్నీ కొరికేటివి. గీటిని నోటు మీద ఏసుకున్నరా?" అని నవ్వింది.

ఇద్దరూ కలిసి నన్ను లేపారు. "కిందికి తీస్కపోండ్రి. ఒక్కసారి రోడ్డు చూసొస్త" అన్నాను. వినలేదు, పైకే ఎక్కించారు.

మర్నాటి నుంచి ఆమె పనికి పోయేటప్పుడు గదికి బయటి నుంచి గొళ్లెం పెట్టడం మొదలుపెట్టింది.