టీవీలో రాని మ్యాచ్, రెండేళ్ళు ఆలస్యమైన గిన్నె

మా వంటింట్లో రెండేళ్ళుగా ఒక గాజు గిన్నె ఉండేది. అది మాది కాదు. అడుగున మాస్కింగ్ టేప్ ముక్క, దాని మీద నల్ల మార్కర్‌తో లిండా అన్న పేరు. గిన్నె బయటికి తీసినప్పుడల్లా మా ఆవిడ శైలజ నా వైపు చూసేది. ఆ చూపు తట్టుకోలేక, మొన్న నవంబర్‌లో దాన్ని తిరిగి ఇవ్వడానికి శాంటా క్లారా నుంచి ఈస్టర్న్ వాషింగ్టన్ గోధుమ కొండల దాకా వెళ్ళి వచ్చాను. పిల్లలు కాలేజీ టీమ్‌లలో ఆడుతున్న తల్లిదండ్రులకూ, ఆ కొండలు ఒకసారి చూడాలనుకునేవాళ్ళకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు గిన్నె కథ. మా అమ్మాయి మేఘన కాలిఫోర్నియాలోనే ఒక కాలేజీకి వాలీబాల్ ఆడుతుంది. చేరిన మొదటి ఏడాది ఆ కొండల మధ్య ఉన్న చిన్న కాలేజీ ఊళ్ళో మ్యాచ్ ఉంటే మేమిద్దరం వెళ్ళాం. అవతలి టీమ్‌లో కెల్సీ అనే అమ్మాయి మా మేఘనని ఆ రోజు నెట్ దగ్గర మూడు చెరువుల నీళ్ళు తాగించింది. ఆట అయ్యాక కెల్సీ అమ్మా నాన్నా, లిండా, డేల్, పార్కింగ్ లాట్‌లో మా దగ్గరికి వచ్చి, దూరం వెళ్ళాలి కదా దారిలో తినండని ఆపిల్ స్వీట్ ఉన్న ఈ గిన్నె చేతిలో పెట్టారు. వద్దంటున్నా వినలేదు. నెల తర్వాత వాళ్ళు మా ఊరికి మ్యాచ్‌కి వచ్చారు. శైలజది కరీంనగర్. "ఖాళీ గిన్నె ఎట్ల ఇస్తం?" అని దాని నిండా పులిహోర పెట్టి ఇచ్చింది. డేల్ ఆ రివాజు ఏమిటో అడిగి మరీ తెలుసుకున్నాడు. తర్వాతి ఏడు వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు గిన్నెలో ఎర్ర మసూర్ పప్పు పోసి తెచ్చాడు. అతను పప్పు రైతు. మనం ఇండియన్ స్టోర్‌లో సంచుల కొద్దీ కొనే పప్పుని పండించే మనిషిని నేను చూడటం అమెరికాలో అదే మొదటిసారి.

నెల తిరిగేసరికి మేం వాళ్ళ ఊరు వెళ్ళాలి. శైలజ గిన్నె నింపింది. నేను ఆఫీస్‌లో ఏదో రిలీజ్ ఉందని ఆఖరి నిమిషంలో టికెట్లు క్యాన్సిల్ చేశాను. వచ్చే ఏడు ఇద్దాంలే అన్నాను. వచ్చే ఏడు ఆ మ్యాచ్ ఉండదని అప్పటికే పేపర్లలో వచ్చింది. అది ఫుట్‌బాల్ గొడవ, మనకెందుకని నేనే పట్టించుకోలేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఇక్కడ కాలేజీలన్నీ చుట్టుపక్కల ఊళ్ళతో కలిసి ఒక కాన్ఫరెన్స్‌గా ఉండి, ఏటా వాళ్ళలో వాళ్ళే ఆడుకునేవి. టీవీ నెట్‌వర్క్‌లు ఆటల్ని ఒక్కొక్క కాలేజీ దగ్గర కాకుండా కాన్ఫరెన్స్ మొత్తంగా కొంటాయి. వాటికి కావలసింది ఫుట్‌బాల్, అదీ ఎక్కువమంది చూసే కాలేజీల ఫుట్‌బాల్. పక్క కాన్ఫరెన్స్‌కి పెద్ద బేరం కుదిరితే ఇక్కడి పెద్ద కాలేజీలు అటు దూకాయి. మిగిలినవాటికి సరైన బేరం రాక అవీ తలోదారి పట్టాయి. ఫుట్‌బాల్‌కి పెళ్ళి కుదిరితే వాలీబాల్, టెన్నిస్, ఈత ఆడే పిల్లలు దాని వెనక అరణంగా వెళ్ళారు. మా అమ్మాయి కాలేజీ దేశానికి అవతలి ఒడ్డున ఉన్న కాలేజీలతో జత కట్టింది. కెల్సీ కాలేజీని టీవీ వాళ్ళెవరూ అడగలేదు. రెండేళ్ళు ఆ రెండు టీమ్‌లూ ఎదురుపడలేదు.

ఇప్పుడు ఇద్దరమ్మాయిలకూ ఇదే ఆఖరి ఏడాది. కెల్సీ చివరి హోమ్ మ్యాచ్ శనివారం మధ్యాహ్నం రెండింటికి. అదే రోజు, దాదాపు అదే సమయానికి, మేఘన నార్త్ కరోలినాలో ఆడాలి. నేనూ శైలజా ఇద్దరం అక్కడికే టికెట్లు బుక్ చేసుకున్నాం. ఆ వారం మేఘన ఫోన్ చేసింది.

"నాన్నా, నువ్వు కెల్సీ మ్యాచ్‌కి వెళ్ళు. నాది టీవీలో వస్తది. తనది ఎక్కడా రాదు."

గిన్నె సంగతి దానికి గుర్తుందో లేదో నేను అడగలేదు. ఇక ఈ నవంబర్ దాటితే ఆ ఇంటికి వెళ్ళడానికి నాకు ఏ సాకూ మిగలదని మాత్రం అర్థమైంది. నా టికెట్ మార్చుకున్నాను.

శనివారం పొద్దున్న ఆరూ పదికి శాన్ హోసే నుంచి ఫ్లైట్. సియాటిల్‌లో మారి పదిన్నర దాటాక స్పొకేన్‌లో దిగాను. ఆలస్యంగా కొన్నాను కాబట్టి రానూపోనూ మూడు వందల డాలర్ల దాకా అయింది, నెల ముందు కొంటే ఇంకా తక్కువకే వస్తుంది. గిన్నెలో శైలజ మళ్ళీ పెట్టిన పులిహోర గట్టి పదార్థమే కాబట్టి సెక్యూరిటీలో అభ్యంతరం ఉండదు. కానీ గాజు గిన్నె స్కానర్‌లో ఆగిపోయింది. ఆఫీసరమ్మ మూత తీసి, పసుపు రంగు అన్నాన్నీ వేగిన పల్లీలనీ చూసి, ఇదేమిటని అడిగింది. ప్రయాణాల్లో తినే అన్నం అన్నాను. రెండో డబ్బాలో ఏముందంది. శైలజ లిండాకి పంపిన కందిపొడి. అది స్టీలు డబ్బా, శైలజ మేనత్త మా పెళ్ళికి అడుగున శైలజ పేరు కొట్టించి ఇచ్చింది. బయల్దేరేటప్పుడు శైలజ మూడుసార్లు చెప్పింది, పొడి వాళ్ళ సీసాలో పోసి డబ్బా మాత్రం వెనక్కి పట్టుకురమ్మని.

స్పొకేన్‌లో కారు అద్దెకు తీసుకుని దక్షిణంగా గంటన్నర డ్రైవ్ చేశాను. నవంబర్‌లో అయితే ఫోర్ వీల్ డ్రైవ్ అడగండి, కౌంటర్‌లో మామూలు కారే చాలంటారు కానీ కొండ నీడ పడే మలుపుల్లో మంచు కరగదు. పచ్చని కొండలు చూడాలంటే జూన్‌లో రావాలి. నేను వెళ్ళినప్పుడు కోతలు అయిపోయి, దున్నిన నేలలు మడత పెట్టని దుప్పట్లలా ఎటు చూసినా పరుచుకుని ఉన్నాయి. నాకు ఆ రంగే ఇష్టం. మొదటిసారి వచ్చినప్పుడు ఈ రోడ్డు మీదే శైలజ కిటికీ దించి, అచ్చం మా తాతవాళ్ళ చేను లాగుందని పిల్లలా సంబరపడింది. ఇప్పుడు పక్క సీట్లో గిన్నె ఉంది, ఆవిడ లేకపోవడం నాకు బాగా తెలిసింది.

జిమ్ ముందు పార్కింగ్‌కి మొదటిసారి వచ్చినప్పుడు అరగంట తిరిగాం. ఈసారి తలుపు పక్కనే దొరికింది. టికెట్ పది డాలర్లు. లోపల సగం బెంచీలు ఖాళీ. గోడ మీద పాత కాన్ఫరెన్స్ జెండాలు వేలాడినచోట ఇప్పుడు మేకుల గుర్తులు ఉన్నాయి. మా అమ్మాయి కాలేజీ జెండా ఎడమ నుంచి మూడోది. ఆ ఖాళీ వంక చూస్తుంటే నిజంగా బాధేసింది. ఎక్కడో ఒక స్టూడియోలో కూర్చున్నవాళ్ళ మీద కోపమూ వచ్చింది, కానీ వాళ్ళకు ఈ జిమ్ ఒకటుందని కూడా తెలిసి ఉండదు.

డేల్ నన్ను చూసి లేచాడు. ముందు నన్ను, తర్వాత నా చేతిలో గిన్నెను చూశాడు. గట్టిగా కౌగిలించుకున్నాడు. ఆట మొదలయ్యే ముందు ఆఖరి ఏడాది పిల్లలు తల్లిదండ్రులతో కలిసి కోర్టు మధ్యకు నడుస్తారు. డేల్, లిండా తమ కోట్లు నాకు పట్టుకోమని ఇచ్చి కెల్సీకి చెరోపక్క నడిచారు. కెల్సీ నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపింది. నాకు కళ్ళు చెమర్చాయి, చేతుల్లో కోట్లు ఉండటంతో తుడుచుకోవడానికి కూడా లేకపోయింది.

మొదటి సెట్ అయ్యాక మేఘన ఆట చూద్దామని ఫోన్ తెరిచాను. ఆ ఛానెల్‌లో ఫుట్‌బాల్ ఆట ఇంకా నడుస్తోంది. అది సాగి సాగి ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్ళింది కాబట్టి వాలీబాల్ తర్వాత చూపిస్తామని కింద అక్షరాలు పరుగెడుతున్నాయి. దేని కోసమైతే దేశానికి అవతలికి వెళ్ళారో అదీ దక్కలేదు. ఫోన్ డేల్‌కి చూపించాను. అతను నిదానస్తుడు, కాసేపు చూసి ఇలా అన్నాడు:

"మమ్మల్ని ఎవరూ చూపించరు కాబట్టి, మమ్మల్ని ఎవరూ ఆపలేరు కూడా."

ఆ మాట నిజమే. టీవీ ఉన్న మ్యాచ్‌లో పదిహేనో పాయింట్ దగ్గర యాడ్స్ కోసం ఆట ఆపుతారు. ఇక్కడ ఆపలేదు. పాతిక పాయింట్లూ చకచకా అయిపోయాయి. నాలుగో సెట్‌లో కెల్సీ వాళ్ళు గెలిచారు. నార్త్ కరోలినా నుంచి శైలజ మెసేజ్‌లు ఒక్కో పాయింట్‌కీ వస్తూనే ఉన్నాయి, మేఘన వాళ్ళు ఓడిపోయారు. ఆట కాగానే కెల్సీ నా ఫోన్ లాక్కుని మేఘనతో పది నిమిషాలు మాట్లాడింది. ఇద్దరూ ఏడ్చారు, ఇద్దరూ నవ్వారు.

ఆ రాత్రి ఊళ్ళో మోటెల్‌లో ఉండి, ఆదివారం పొద్దున్న టిఫిన్‌కి డేల్ వాళ్ళ పొలం ఇంటికి వెళ్ళాను. ఊరికి ఇరవై నిమిషాలు, సగం దారి కంకర రోడ్డు. లిండా పులిహోర వేడి చేసి గుడ్లతో కలిపి పెట్టింది. శైలజకి ఇంకా చెప్పలేదు. వచ్చే ఏడు కెల్సీ నర్సింగ్ ఉద్యోగానికి బోయిసీ వెళ్తుందనీ, ఇక శనివారాలు ఏం చేయాలో తోచదనీ డేల్ చెప్పాడు. తిన్నాక లిండా ఆ గాజు గిన్నెను కడిగి, తుడిచి, పై అరలో పెట్టింది. మొత్తానికి ఇల్లు చేరిందని నవ్వింది. అర తలుపు మూసుకున్న చప్పుడుకి నా మనసు చివుక్కుమంది. గిన్నె ఇవ్వడానికే కదా వచ్చాను, ఇచ్చేశాక ఇలా ఉంటుందని నేను అనుకోలేదు.

కందిపొడి ఎలా తినాలో చెప్పి, డబ్బా స్టవ్ పక్కన పెట్టాను. లిండా సీసా కోసం లోపలికి వెళ్ళింది. నేను తొందరగా కోటు వేసుకుని, ఫ్లైట్‌కి టైమ్ అయిందని చెప్పి, డేల్‌తో పాటు బయటికి వచ్చేశాను. ఫ్లైట్ మధ్యాహ్నం రెండింటికి. టైమ్ బోలెడు ఉంది.

ఇంటికొచ్చాక శైలజ సూట్‌కేస్ అంతా వెతికి, "డబ్బా ఏదండీ?" అంది. మర్చిపోయానన్నాను. నా ముఖంలోకి కాసేపు చూసి, రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఆ చూపు చూడకుండా వదిలేసింది. నాలుగు రోజులకు డేల్ నుంచి ఫొటో వచ్చింది. మా డబ్బా బోర్లించి ఉంది. అడుగున ఏదో చెక్కి ఉంది, ఏమిటని అడిగాడు. మా ఆవిడ పేరు, తిరిగి ఇంటికి చేరాలని మేమూ ఇలా రాయించుకుంటాం అని జవాబిచ్చాను. ఇంకో గంటకు మళ్ళీ మెసేజ్. కోతలు ఆగస్టులో అవుతాయి, కొత్త పప్పు వచ్చేదాకా ఆగండి, ఖాళీది తీసుకురాను కదా అని రాశాడు.

ఎవరు ఎవరితో ఆడాలో మన చేతిలో లేదు. మనం చూసే చిన్న చిన్న ఊళ్ళ శనివారాలు ఎవరి బేరంలోనూ లెక్కకు రావు. నాలుగేళ్ళలో మేం ఆ ఊరికి వెళ్ళింది రెండుసార్లే, అయినా మేఘన కాలేజీ రోజుల్లో నాకు గుర్తుండిపోయేది అదే. మేఘనకి పోయిన జెండాలు తెచ్చివ్వలేను. ఆగస్టులో మా ఇంటికి ఎవరు వస్తున్నారో మాత్రం చెప్పాను. కెల్సీని కూడా రమ్మని అప్పుడే మెసేజ్ పెట్టేసింది. ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్ళకు నా సలహా ఒక్కటే. అక్కడివాళ్ళకు తినడానికి ఏమైనా తీసుకెళ్తే పారేసే అల్యూమినియం ట్రేలో పెట్టకండి, అడుగున పేరున్న గిన్నెలో పెట్టండి, వచ్చేటప్పుడు దాన్ని అక్కడే మర్చిపోండి.