కాగినా పోని ఉప్పు

ఇది రాసిపెట్టవలసిన అవసరం మొన్న శంషాబాద్‌లో మా మేనకోడలి ఇంట్లో కలిగింది. వంటింట్లో నీళ్ళు శుభ్రం చేసే మిషను బిగించడానికి వచ్చిన కుర్రవాడు వాళ్ళ బోరు నీళ్ళు పరీక్షించి, నైట్రేట్ అనే ఉప్పు ఎక్కువుందని చెప్పిపోయాడు. "అదేంది మామా?" అని మేనకోడలు నవ్వుతూ అడిగింది. పసిగుడ్డుగా ఉన్నప్పుడు తన ప్రాణం మీదికి తెచ్చింది అదేనని ఆమెకు తెలియదు. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ ముచ్చట ఇంట్లో ఎత్తనివ్వలేదు. ఇప్పుడు అమ్మ లేదు, నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

ఆ రోజుల్లో నేను ఎరువుల దుకాణంలో బస్తాలు తూచేవాణ్ని. బస్తాల మీద అచ్చువేసిన మాటలకు అర్థమేమిటో తెలుసుకోవాలన్న పట్టుదలతో సాయంత్రాలు గ్రంథాలయానికి పోయేవాణ్ని. నత్రజని ఒక పాలు, ప్రాణవాయువు మూడు పాళ్ళు కూడితే నైట్రేట్ అనీ, అది పొటాషియంతో కలిస్తే పటాకుల మందులో వేసే సురేకారమనీ, వెండితో కలిస్తే ఓటు వేసిన వేలి మీద చెరగని మరక అనీ, పైరుకు బలమిచ్చేదీ అదేననీ చదివి, ఒక్క మాటలో ఇంత లోకమా అని మురిసిపోయేవాణ్ని. ఇంకో సంగతి కూడా మనసులో నిలిచిపోయింది. పెంట మురిగితే నైట్రేట్ పుడుతుంది, వాన నీళ్ళతో నేలలోకి దిగి బావిలో కలుస్తుంది. ఆ నీళ్ళు పసిపిల్లలకు పడితే, నెత్తురు ప్రాణవాయువును మోయలేక ఒళ్ళు నీలం తిరుగుతుంది. నీళ్ళు కాస్తే క్రిములు చస్తాయి గాని అది పోదు, నీళ్ళు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

అక్క తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది గాని, అక్కకు పాలు పడక డబ్బా పాలు పట్టవలసి వచ్చింది. మా బావి పక్కనే పశువుల కొట్టం, దాని వెనక పెంటకుప్ప, అప్పట్లో అందరి ఇళ్ళల్లోనూ అంతే. పిల్ల పెదవులు, గోళ్ళు నల్లబడి నీలం తిరగసాగాయి. అమ్మ నీళ్ళలోనే ఏదో దోషముందనుకొని, కషాయం కాచినట్టు గిన్నెడు నీళ్ళు సగమయ్యేదాకా మసలబెట్టి ఆ నీళ్ళతోనే పాలు కలిపేది. పిల్ల డీలాపడినకొద్దీ మంట పెంచేది.

నేను ఆ గిన్నె చూసి వద్దన్నాను. అమ్మ గరిటె పట్టుకొనే నావైపు తిరిగింది.

"ఇద్దరు పిల్లల్ని సాదిన చేతులురా ఇవి. నిన్నేమన్న పుస్తకం సాదిందా?"

"అమ్మా, జర విను. కాచినకొద్దీ అది పెరుగుతది."

"పెరుగుతదంట. బస్తాలు తూచేటోడివి, నువ్వు డాక్టరువైనవా ఇగ?"

అక్క మాత్రం పిల్లను తువాలులో చుట్టి నా చేతికిచ్చింది. బావ స్కూటర్ తీశాడు.

దవాఖానలో డాక్టరు పిల్లను చూస్తూనే ఏ నీళ్ళతో పాలు కలుపుతున్నారని అడిగాడు. బావి, పెంటకుప్ప, సగానికి కాచిన నీళ్ళు, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పాను. సూదితో తీసిన రక్తం ఎర్రగా లేదు, చాక్లెట్ రంగులో ఉంది. నీలం తిరిగిన పిల్లకు ఆయన నీలిరంగు మందే ఎక్కించాడు. చూస్తుండగానే పెదవులకు రంగు వచ్చింది. బావిని గురించి అంత వివరంగా చెప్పడం మేలైందని ఆయన నా భుజం తట్టాడు. ఆ గర్వం నాకు ఈనాటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు.

ఆ బావి పూడిపోయింది. ఆ చోట ఇప్పుడు ఎయిర్‌పోర్టు క్యాబులు ఆగుతాయి. ఏ మాటకైనా అర్థం ఫోన్లో క్షణంలో దొరుకుతుంది, మంచిదే. కానీ ఒక్క మాట కోసం సాయంత్రమంతా బల్ల ముందు కూర్చున్న ఆ ఆకలి మాత్రం నాకు ఎక్కడా కనబడదు.

ఇంటికి ఇవ్వకూడని పుస్తకాన్ని నన్ను నమ్మి ఇచ్చిన గ్రంథాలయం సారుకు, ముందుగా నీళ్ళ సంగతే అడిగిన డాక్టరుగారికి, బుద్వేల్ నుంచి రోజూ క్యాన్లతో నల్లా నీళ్ళు మోసిన బావకు, వాదించకుండా బిడ్డను నా చేతిలో పెట్టిన అక్కకు నా నమస్కారాలు. అందరికంటే మిన్నగా అమ్మకు. నేను చెప్పింది నిజమని ఆమె ఒక్కనాడూ ఒప్పుకోలేదు. కానీ మేము దవాఖాన నుంచి వచ్చిన మరునాడే తట్ట ఎత్తుకొని పెంటకుప్పనంతా పొలం చివరకు మోసింది. ఆ తర్వాత మా వాడలో ఎవరింట్లో కాన్పయినా, ముందు వాళ్ళ బావి చుట్టూ తిరిగి చూసిన తర్వాతే లోపలికి పోయి పిల్లను చూసేది.