నెర్రెలో పడిన బంతి

ఒక్క దెబ్బ గురి తప్పినంత మాత్రాన మనిషికి ఆడే హక్కు పోతుందా?

నా కాలేజీ రోజుల్లో మా ఊరి చెరువు ఎండిపోతే, దాని అడుగునే గుంత తవ్వి గోల్ఫ్ ఆడేవాళ్లం. పెదనాన్న కొడుకు బెంగళూరు నుంచి తెచ్చిన పాత కర్ర ఒక్కటే అందరికీ ఆధారం. ఆడపిల్లను నేనొక్కదాన్నే. మగపిల్లలు గురి తప్పితే మళ్లీ కొట్టేవారు. నేను గురి తప్పితే మాత్రం కర్ర వదిలి పక్కకు తప్పుకోవాలట.

ఒక సాయంత్రం నా బంతి ఎండిన బంకమట్టి నెర్రెలో పడింది. ఉక్రోషంతో బలంగా కొట్టాను. అది మరింత లోపలికి దిగింది.

"ఏమే, సెనక్కాయ విత్తనం ఏస్తాండావా? కర్ర ఇట్లియ్యి," అన్నాడు కర్ర తెచ్చిన అన్న. అందరూ నవ్వారు.

కాలేజీ డిబేట్‌లో మాట తడబడితే, దానికి సంజాయిషీ చెప్పుకోకుండా తరువాతి వాదనకు వెళ్లడం నేను నేర్చుకున్న విద్య. ఇక్కడా అదే చేశాను. ఊపిరి నిదానంగా వదిలి, నెర్రె లోతు తక్కువగా ఉన్న వెనకవైపుకు బంతిని మెల్లగా కొట్టాను.

"గుంత ఆడుంటే ఈ పక్క కొడతాండావే!"

"బయటికొచ్చే దోవ ఈ పక్కే ఉండాదన్నా. కర్ర మాత్రం ఇయ్యను."

బంతి బయటపడింది. గుంత చేరడానికి ఇంకా చాలా దెబ్బలు పట్టాయి. కానీ అవన్నీ నేనే కొట్టాను.

గురి తప్పినవారి చేతిలోని కర్ర లాక్కోకండి. తరువాతి దెబ్బ కూడా వారినే కొట్టనివ్వండి.