ముళ్లకంచె దాటిన నర్సమ్మ

మా కోంట ఊళ్లో అందరం నర్సమ్మ అని పిలిచిన ఆవిడ ఇక లేరు. మొన్న సోమవారం శబరి ఏరు దాటి వచ్చిన పడవవాడు ఆ కబురు చెప్పాడు. జ్వరం ముదిరితే ఆవిడను భద్రాచలం తీసుకెళ్లి పది రోజులైంది. ఏరు పొంగి ఉండటంతో అక్కడే సమాధి చేశారట. మాలో ఎవరమూ పిడికెడు మట్టి వెయ్యలేకపోయాం.

ఆవిడది గోదావరి దిగువన ఒక పల్లె. క్రైస్తవ మిషను వాళ్లు నర్సుగా పంపితే భర్తతో కలిసి ఈ సంస్థానానికి వచ్చారు. మొదటి వానాకాలంలోనే అడవిజ్వరం ఆయన్ని తీసుకుపోయింది. అప్పటికి ఆవిడకు ఇక్కడి దోర్లాల భాష దోర్లీ ఒక్క ముక్క రాదు. సంతలో దోర్లా ఆడవాళ్ల ముందు కూర్చుని ఒక్కో కాయా ఎత్తి చూపిస్తూ పేరు అడిగేవారు. వాళ్లు నవ్వితే తనూ నవ్వేవారు.

"మీ వాళ్ల దగ్గరికి పోరాదా బిడ్డా" అని మా అమ్మ అడిగింది.

"వెళ్లాలనే ఉందమ్మా. ఆయన ఇంకా వెళ్లమనలేదు" అన్నారు.

ఆ మాట దేవుడి గురించి అన్నారని మాకు ఆలస్యంగా అర్థమైంది.

మశూచి అమ్మవారు ఊళ్ల మీద పడిన ఏడాదికి నాకు ముప్పై ఏళ్లు దాటాయి. నర్సమ్మ టీకాలు వేసొచ్చిన ఒక గూడెంలో నెల తిరక్కుండా ముగ్గురు పిల్లలు పోయారు. తెల్లచీర మనిషే రోగం తెచ్చిందని మాట పుట్టింది. ఒక పొద్దున ఆవిడ గుమ్మంలో బూడిద, తల లేని కోడి కనిపించాయి. ఆవిడ వాటిని తీసి పారేసి, చేతులు కడుక్కుని ప్రార్థనకు కూర్చున్నారు. 

వారం తిరక్కముందే ఆ గూడెం నుంచే ఒక మనిషి వచ్చాడు. భార్యకు రెండు రోజులుగా పురిటినొప్పులు. "మా అయ్య వద్దన్నడు. చెప్పకుండ వచ్చిన" అన్నాడు.

చింతపండు కొనడానికి ఆ గూడేలన్నీ తిరిగినవాణ్ణి కాబట్టి ఆవిడ నన్ను తోడు రమ్మన్నారు.

"పోతే మనల్ని బతకనియ్యరక్కా" అన్నాను.

"నాకూ భయంగానే ఉంది తమ్ముడూ. భయం పోవాలని నేను దేవుణ్ణి అడగట్లేదు. కాళ్లు ఆగకూడదని అడుగుతున్నా."

దారి పొడుగునా ఒక్క పశువు గంట వినపడలేదు. గూడెం మొదట్లో దారికి అడ్డంగా ముళ్లకంచె వేసి ఉంది. దాని వెనక ఆ మనిషి తండ్రి భుజాన గొడ్డలితో నిలబడ్డాడు. ఆయన దోర్లీలో అన్నదాన్ని నేను మెత్తగా మార్చి చెప్పబోయాను.

"ఉన్నదున్నట్టు చెప్పు తమ్ముడూ."

"బిడ్డ చస్తే నువ్వు తిరిగి పోవు అంటున్నడు."

ఆవిడ కాసేపు కళ్లు మూసుకున్నారు. తర్వాత కంచె పక్కకి జరిపి లోపలికి నడిచారు. ముళ్లకు చీర చిరిగింది.

పొద్దు వాలేదాకా నేను వాకిట్లోనే ఉన్నాను.  చివరికి ఆవిడ గుడ్డలో చుట్టిన బిడ్డతో బయటికొచ్చారు. నన్ను చెప్పమనలేదు. నేరుగా పెద్దాయన ముందుకెళ్లి, తనకొచ్చిన దోర్లీలోనే చెప్పారు: "బిడ్డ బతకలేదు. తల్లి బతికింది."

గొడ్డలి భుజం మీంచి చేతిలోకి దిగింది.  అప్పుడు ఆయన భార్య గుడిసెలోంచి వచ్చి, నర్సమ్మ చేతుల్లోంచి బిడ్డను అందుకుంది. "కోడలు నీళ్లడుగుతోంది, దారి వదులు" అంది మొగుడితో.

ఆయన పక్కకి తప్పుకున్నాడు. మా వైపు చూడలేదు.

వాగు దగ్గరికొచ్చాక నర్సమ్మ నీళ్లలోనే కూలబడి ఏడ్చారు. "నాకంటే ముందే దేవుడు ఆ గుడిసెలో ఉన్నాడు తమ్ముడూ. లేకపోతే నేను నిలబడేదాన్నా" అన్నారు.

అంతటితో అందరూ ఆవిణ్ణి నమ్మేశారని చెప్పలేను. ఆ తర్వాత కూడా ఎన్నోసార్లు పొద్దున్నే గుమ్మంలో బూడిద ఉండేది. ఆవిడ ఊడ్చుకుని, పిలిచిన గూడేనికి వెళ్లేవారు. ఆ ధైర్యం పక్కన బతికినందుకు నాకెంతో కృతజ్ఞత ఉంది.

నిన్న మధ్యాహ్నం ముసురులో జగర్గుండా వైపు నుంచి ఒక మనిషి నడిచొచ్చాడు. వాళ్ల దగ్గర మళ్లీ అమ్మవారు కనిపించిందట. నర్సమ్మ ఇక లేరని చెప్పాను. "మరి ఎవరొస్తరు?" అన్నాడు.  అతను వెళ్లిపోలేదు. తాటాకు గొడుగు పక్కన పెట్టి, నర్సమ్మ ఇంటి మెట్టు మీద కూర్చుని, గొళ్లెం పెట్టిన తలుపు వంకే చూస్తూ ఉండిపోయాడు.