గ్యాసే మ్మా, ఏం లేదు

మా డిపార్టుమెంటులో జ్వరం వచ్చిందంటే నమ్ముతారు. కాలు విరిగిందంటే కట్టు చూసి నమ్ముతారు. ఛాతీలో నొప్పి అంటే మాత్రం ఎవరూ నమ్మరు. బందోబస్తు పడ్డప్పుడల్లా ఎవరో ఒకరు ఛాతీ పట్టుకోని ఆసుపత్రికి పోవడం, బందోబస్తు అయిపోగానే ఆ నొప్పి కూడా పోవడం ఏళ్ళ తరబడి చూసిన వాళ్ళం కాబట్టి. దొంగ నొప్పి అయినా ఊరికే రాదు. లీవు అడిగితే ఇయ్యరు. వారానికొక సెలవని పేపర్లో పడతాది, మా స్టేషను దాకా రాదు. బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించాలన్నా, అమ్మకు కంటి ఆపరేషన్ చేయించాలన్నా మావాళ్ళకు దొరికే సెలవు ఆ ఒక్క నొప్పిలోనే ఉండాది.

ఈ దొంగ నొప్పుల్ని పట్టేదానికి మా స్టేషన్లో ఒకాయన ఉండేవాడు. హెడ్ కానిస్టేబులు. ఎవరిని యాడ నిలబెట్టాలో, ఎవరికి ఏ డ్యూటీ వేయాలో రాసేది ఆయనే. నేను అన్నా అని పిలిచేదాన్ని. విడవలూరు పక్కన వరి పండించే ఇంటి మనిషి, భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. పొద్దున రోల్ కాల్లో ఎవడన్నా మెల్లగా ఛాతీ మీద చెయ్యేసుకుంటే చాలు, "ఏందిరా, నీ గుండె కూడా లీవడగతా ఉండాదా?" అనేవాడు. లైనంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. నవ్వక ఏం చేస్తాం, ఆయన చెప్పే తీరు అట్టాంటిది.

ఆ మనిషే, నేను కడుపుతో ఉన్నప్పుడు నోరు తెరిచి అడక్కముందే నన్ను ఎండ డ్యూటీల నుంచి తీసేసినాడు. "ఈడ ఫ్యాను కింద కూర్చోని వైర్లెస్ చూసుకో మ్మా, ఎవడన్నా అడిగితే నా పేరు చెప్పు" అన్నాడు. ఎవరూ అడగలేదు. ఆయన మాట మీద మాట మాట్లాడే ధైర్యం స్టేషన్లో ఎవరికీ లేదు.

భార్యా కూతురూ నెల్లూర్లో ఉండేవాళ్ళు, కూతురి కాలేజీ కోసం. ఈయన స్టేషన్ వెనక క్వార్టర్లో ఒక్కడే. తిండి హైవే మీద హోటళ్ళలో, నిద్ర జీపులో. బీపీ మాత్రలు చొక్కా జేబులోనే ఉండేవి, గుర్తొస్తే వేసుకునేది లేకుంటే లేదు. మాకందరికీ ఒకసారి మెడికల్ క్యాంపు పెడితే, నెల్లూరు నుంచి వచ్చిన డాక్టరు ఈయన్ని పక్కకు పిలిచి, నీ గుండె నాకు నచ్చలేదు, వచ్చి టెస్టులు చేయించుకో, ఆలస్యం చేయొద్దు అని గట్టిగా చెప్పినాడంట. ఆయనే నాకు చెప్పినాడు. ఎప్పుడు పోతావన్నా అంటే, "ఈ బందోబస్తు కానీ మ్మా" అనేవాడు. మాకు ఒక బందోబస్తు అయిపోతే ఇంకోటి పడతాది. ఆయనకు తెలవంది కాదు.

ఆ ఎండాకాలం రెండు పట్టపుపాలేల మధ్య, సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్ళ ఊళ్ళవి, వల గొడవొచ్చింది. ఒక ఊరోళ్ళు పెద్ద వలేసి చేపంతా ఊడ్చుకుపోతున్నారని ఇంకో ఊరోళ్ళు సముద్రంలోనే పడవలకు అడ్డం పడినారు. తలలు పగిలినాయి. ఊరి కాపులు, అంటే ఆ పాలేల పెద్దమనుషులు, కూర్చోని, తేలేదాకా ఎవరూ వేటకు పోగూడదని దురాయి వేసినారు. వాళ్ళల్లో దురాయి అంటే దాటేదానికి లేని కట్టుబాటు. మగోళ్ళంతా పనిలేక, కోపంతో ఒడ్డునే కూర్చోని ఉంటే, రెండు ఊళ్ళకూ మధ్య ఇసకలో మాకు పికెట్ వేసినారు. ఒక షామియానా, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. నీడ ఒకపక్కుంటే మేం ఒకపక్క. నీళ్ళ డబ్బా పొద్దున నింపితే పదిగంటలకే కాగిపోయేది. ఆడదానికి పక్కకు పోవాలంటే చాటు కూడా లేదు, ఆ సంగతి రాసే ఓపిక నాకు లేదు.

రెండో రోజే మాలో ఒక కుర్ర కానిస్టేబులు ఛాతీ నొప్పని నెల్లూరు పోయినాడు. ఈసీజీలో ఏమీ లేదన్నారు. అన్న వాడికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి మాకందరికీ వినిపిస్తా, "మిషన్ కూడా నిన్ను నమ్మలేదంట కదరా" అన్నాడు. ఇసకలో కూర్చోని విరగబడి నవ్వినాం.

ఆ తర్వాత ఒక పొద్దున నేను పికెట్ కి పోయేసరికి అన్న కుర్చీలో ముందుకు వంగి కూర్చోనున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కోనుండాది. ఇంకా ఎండే ఎక్కలేదు. ఎడమచేతి మోచెయ్యి కుడిచేత్తో పిసుక్కుంటా ఉన్నాడు.

"ఏందన్నా?"

"గ్యాసే మ్మా, ఏం లేదు. రాత్రి పరోటా తిన్నా."

"ఛాతీలో పట్టేసినట్టుండాదా?"

ఆయన తలెత్తి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. అటూ ఇటూ చూసి, మావాళ్ళు దూరంగా ఉన్నారని తెలుసుకోని, గొంతు తగ్గించినాడు. "ఆ మాట అనబాకు. డ్యూటీలేసే నేనే ఛాతీ పట్టుకుంటే ఇంక ఈ పికెట్లో ఎవడు నిలబడతాడు? నిన్న గాక మొన్న ఆ కుర్రోణ్ణి చూసి నవ్వినా కదా. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడతాది."

నాకు ఒళ్ళు మండింది. పరువు గురించి తర్వాత మాట్లాడుకుందాం లే అన్నా అని బండి మీద కూర్చోబెట్టుకోని ఊళ్ళో ఉండే చిన్న ఆసుపత్రికి తీసుకుపోయినాను. డాక్టరమ్మ చిన్న వయసు. "నొప్పి ఎక్కడండీ?" అని అడిగింది. ఆయన బొడ్డు పైన చెయ్యి పెట్టి చూపించినాడు. ఛాతీలోనే మేడం, ఎడమచెయ్యి పిసుక్కుంటా ఉన్నాడు, చెమటలు పోస్తా ఉండాయి, అన్నాను. "ఆమెకేం తెలుసు మేడం, పొద్దున్నుంచి ఏమీ తినలా, అందుకే" అని నవ్వినాడు. యూనిఫాంలో ఉండే అంత పెద్దమనిషి నవ్వతా చెప్తే ఆమె మాత్రం ఏం చేస్తాది. గ్యాసుకు ఇంజెక్షన్ ఇచ్చింది. అయినా ఆమెకు అనుమానం పోలా. "ఎందుకైనా మంచిది, వెంటనే కావలికి పోయి ఈసీజీ తీయించుకోండి, ఇక్కడ మిషన్ లేదు" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

బయటికొచ్చి, బండెక్కు అన్నా, కావలికి పోదాం అంటే, సాయంత్రం వేరే వాళ్ళు వస్తారు, అప్పుడు పోదాం అంటాడు. నేను ఆయన ముందరే ఎస్సై గారికి ఫోన్ చేసినాను. "సార్, అన్నకు బాగలేదు, కావలికి తీసుకుపోతా" అన్నాను.

"ఆయనకు కూడానా?" అన్నాడు ఎస్సై. ఎగతాళి లేదు ఆ గొంతులో, విసుగుంది. ఆ మనిషి కూడా ఇంటి మొహం చూసి ఎన్నాళ్ళయిందో. "ఫోన్ ఆయనకివ్వు."

అన్న ఫోన్ తీసుకోని నిటారుగా నిలబడినాడు. "ఏం లేదు సార్, గ్యాస్. ఈ పిల్ల కంగారు పడతా ఉండాది. పికెట్ నేను చూసుకుంటా సార్" అన్నాడు. ఆ గొంతు వింటే నేనే నమ్మేదాన్ని.

మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు. కాసేపు బాగానే ఉన్నాడు. ఎవరితోనో ఫోన్లో మాట్లాడినాడు. మధ్యాహ్నం దాటినాక బూట్లిప్పినాడు. డ్యూటీలో ఆయన బూట్లిప్పడం నేనెప్పుడూ చూడలేదు. చూసి లేచి దగ్గరికి పోయేలోపే కుర్చీతో సహా పక్కకు ఒరిగిపోయినాడు.

ఎవరి కోసమని మేం లాఠీలు పట్టుకోని కాపలా ఉన్నామో ఆ ఊరోళ్ళే పరిగెత్తుకొచ్చినారు. చేపల పెట్టెలు తోలే ఆటోలో పెట్టెలన్నీ కింద పారేసి, గోనెలు పరిచి పడుకోబెట్టినారు. ఆయన తల నా ఒళ్ళో. రొయ్యల గుంటల మధ్య రోడ్డు, అడుగుకొక గొయ్యి. కళ్ళు తెరిచే ఉన్నాడు. అన్నా, ఛాతీనే కదా, ఇప్పుడన్నా చెప్పు, డాక్టర్లకు చెప్పాల కదా, అని అరిచినాను. పెదాలు కదిలిస్తే చెవి దగ్గర పెట్టినాను.

"స్టేషన్లో చెప్పబాకు" అన్నాడు.

హైవే ఎక్కకముందే పోయినాడు. అది నాకు తెలుస్తానే ఉండాది. అయినా ఆటో అతన్ని ఇంకా తొందరగా పోనీమని తిడతానే ఉన్నాను.

కావలిలో ఎస్సై గారు జీపు దిగి వచ్చినాడు. నా మొహం చూసి, "నిజంగానేనా?" అన్నాడు. "చచ్చిపోయినా నమ్మరా సార్?" అన్నాను, అందరి ముందరా. మామూలు రోజైతే ఆ మాటకు నా ఉద్యోగం ఊడేది. ఆయన గోడవారన కింద కూలబడి తల పట్టుకున్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే కూడా నాకు చేతకాలా.

మర్నాడు పెద్ద ఆఫీసర్లొచ్చినారు. పూలదండలు, తుపాకుల గౌరవం, విధి నిర్వహణలో అసువులు బాసినాడని మాటలు.  అసువులు బాసింది నిజమే, దేనికి బాసినాడో చెప్పేవాడు ఒక్కడూ లేడు. పదిమంది నవ్వుతారని భయపడి చచ్చిపోయినాడు మా అన్న. ఎవరికీ భయపడని మనిషి.

కర్మ రోజు నెల్లూరు పోయినాను. వదిన నన్ను చూసి లోపల గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. "ఆఖర్న నువ్వే కదా పక్కనుండింది. ఏమన్నాడు మ్మా?" అని అడిగింది. ఏం చెప్పాల. మిమ్మల్నే తల్చుకున్నాడని అబద్ధం చెప్దామని దారి పొడుగునా అనుకోని వచ్చినాను. ఆమె కళ్ళు చూసినాక నోరు రాలేదు. పొద్దున్నుంచి గ్యాస్ అనే చెప్పినాడు వదినా, డాక్టరమ్మకు కూడా అదే చెప్పినాడు, నేనెంత చెప్పినా వినలేదు, అన్నాను. ఆమె నన్ను తిడతాదనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నాకూ అదే చెప్పినాడు" అనింది వదిన. "పొద్దున ఫోన్ చేసి కడుపుబ్బరంగా ఉందంటే, వాము నమిలి వేన్నీళ్ళు తాగమన్నా. మళ్ళీ మధ్యాహ్నం తనే చేసినాడు. తగ్గిపోయింది, నువ్వు అన్నం తిన్నావా అన్నాడు. నువ్వట్టా అంటే నాకేం సయిస్తాది, తినలేదన్నా. తగ్గిందని చెప్తున్నా కదా, తిను అన్నాడు."

తలుపు సందులోంచి, బయట వేస్తా ఉండే విస్తళ్ళు చూసింది.

"కడుపునిండా తిన్నా మ్మా."